అవ్వ క్యాసెట్టూ, జానీ క్యాష్ గిటారూ

మా హోసూరు ఇంట్లో అవ్వ పాడిన క్యాసెట్టు ఒక్కటే మిగిలింది. విసుర్రాతి పాటలు రెండు, ఒక లాలి, మొత్తం పదకొండు నిమిషాలు. పోయిన సంవత్సరం చిన్నాన్న దాన్ని బెంగళూరులో ఒక స్టూడియోకి ఇచ్చి, తబలా, కీబోర్డు చేర్పించి తెచ్చినాడు. అవ్వ ఆయాసం పోయింది, గాజుల చప్పుడు పోయింది. "ఇప్పుడు వినేకి బాగుండాది కదా" అన్నాడు. నాకు మాత్రం అవ్వే పోయినట్లు అనిపించింది. అంత డబ్బు పెట్టి చేయించిన మనిషితో ఆ మాట ఎట్లా అనేది?

ఆ వారమే మావాడు జానీ క్యాష్ పాటలు పెట్టి వినిపించినాడు. ఆల్బం పేరు 'అమెరికన్ రికార్డింగ్స్'.

క్యాష్ అంటే అమెరికా కంట్రీ పాటకు పెద్ద దిక్కు. అయినా, 1958 నుంచీ ఆయన పాటలు వేసిన కొలంబియా కంపెనీ 1986లో ఇక చాలనేసింది. కంట్రీ రేడియో కూడా కొత్త గొంతుల వెంట పోయింది. అట్లాంటి రోజుల్లో ఆయన్ని వెతుక్కుంటూ వచ్చినవాడు రిక్ రూబిన్. ర్యాప్, హెవీ మెటల్ రికార్డులు తీసే గడ్డపాయన. ఇద్దరికీ పొత్తెట్లా కుదురుతుందని ఎవరైనా అనుకుంటారు.

1993లో రూబిన్ లాస్ ఏంజిలిస్‌లో తన ఇంటి హాల్లోనే క్యాష్‌ను కూర్చోబెట్టి, ఇష్టమైన పాటలు పాడమన్నాడు. టెనెసీలో, హెండర్సన్‌విల్ దగ్గరి క్యాష్ సొంత కట్టెల ఇంట్లో కూడా కొన్ని రికార్డు చేసినారు. మధ్యలో వాద్యగాళ్ళను పెట్టి చూసినారు గానీ, చివరికి ఒంటి గొంతు, ఒక గిటారు ఉన్నవాటినే ఆల్బంలో ఉంచినారు. నేను ఆగిపోయింది ఇక్కడే. వాళ్ళ దగ్గర డబ్బుకు కొరత లేదు, వాయించేవాళ్ళకూ కొరత లేదు. అయినా వద్దనుకున్నారు.

మొత్తం 13 పాటలు. రెండు వైపర్ రూమ్ అనే క్లబ్బులో జనం ముందర పాడినవి, వాళ్ళ చప్పట్లు అట్లే ఉంచేసినారు. అన్నీ నాకు నచ్చలేదులెండి. 'ది బీస్ట్ ఇన్ మి' మాత్రం వదలదు. అది రాసిచ్చింది నిక్ లో, క్యాష్ భార్య జూన్ కూతురికి ఒకప్పటి మొగుడు. చుట్టరికం తెగినా పాట మిగిలింది!

1994 ఏప్రిల్‌లో ఆల్బం వచ్చేటప్పటికి క్యాష్‌కు 62 ఏళ్ళు. బిల్‌బోర్డ్ పట్టికలో 110వ స్థానం దాటలేదు, కంట్రీ పట్టికలో 23. విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు, కుర్రకారు కొత్తగా ఆయన్ని కనుక్కుంది. మరుసటి ఏడు గ్రామీ కూడా వచ్చింది, అదీ సమకాలీన జానపదం కింద. సొంతింటివాళ్ళు గుర్తుపట్టకపోతే పక్కింటివాళ్ళు పీట వేసినట్టు.

పండక్కి వచ్చినప్పుడు చిన్నాన్నకు ఆ పాటలు వినిపించినాను, ఏమీ చెప్పకుండా. మూడు పాటలయినాక "గిటారు ఒక్కటేనా?" అన్నాడు. కాసేపటికి లేచి, బీరువా తెరిచి పాత క్యాసెట్టు తెచ్చినాడు. అది దాచిపెట్టిన సంగతే నాకు తెలీదు.

లాలి మధ్యలో ఎవరో "పాలు పొంగుతా ఉండాయి!" అని అరుస్తారు. అది పెద్దత్తో, అమ్మో ఇంకా తేలలేదు.