మా గుమ్మం ముందు ఇద్దరు యువకులు

ఇంగ్లాండులోని ప్రెస్టన్ పట్టణంలో మేము కాపురం పెట్టి పదకొండేళ్ళు గడిచాయి. గుంటూరు జిల్లా నుండి వచ్చిన మాకు ఇక్కడి వాన నేటికీ అలవాటు కాలేదు గాని, ఒక గుణం మాత్రం త్వరగానే అబ్బింది. పరిచయం లేనివారెవరైనా తలుపు తడితే, కిటికీ పరదా కదలకుండా నిశ్శబ్దంగా కూర్చోవటం.

నిరుడు అక్టోబరు చివరి మంగళవారం మగ్రిబ్ నమాజు ముగించి లేచేసరికి తలుపు చప్పుడయింది. పరదా సందులోంచి చూశాము. తెల్లచొక్కాలు, టైలు, కోటు మీద నల్లని పేరు బిళ్ళలు. మార్మన్ ప్రచారకులని చూడగానే తెలిసింది. ఎప్పటిలాగే ఊరుకుందామనుకున్నాము. కాని వారిలో ఒకడు వానలో ముద్దగా తడిసి, చేతులు రెండూ చంకల్లో దూర్చుకొని నిలబడిన తీరు చూస్తే మాంచెస్టరులో చదువుకుంటున్న మా అబ్బాయి గుర్తుకు వచ్చాడు. వయసు కూడా అంతే ఉంటుంది. తలుపు తీశాము.

గడప దాటక ముందే ఆ అబ్బాయి, "ఇంట్లో పెద్దవారు, మగవారు ఎవరైనా ఉన్నారా మేడమ్?" అని అడిగాడు. స్త్రీ ఒంటరిగా ఉన్న ఇంట్లోకి తాము అడుగు పెట్టకూడదట. ఆ ఒక్క మాటతో మా బెరుకు సగం తగ్గింది.

లోపల కూర్చోబెట్టి టీ ఇవ్వబోతే ఇద్దరూ వద్దన్నారు. మొహమాటమేమోనని మేము బలవంతం చేశాము. చివరికి తేలిందేమంటే, మద్యం, పొగాకులతోపాటు టీ, కాఫీలు కూడా వారి ధర్మంలో నిషిద్ధమేనట. తెలుగింటి మర్యాద టీతోనే మొదలవుతుంది కదా! ఏమి చేయాలో కాసేపు మాకు తోచలేదు. ఆఖరికి అల్లం, యాలకులు వేసి వేడి పాలు ఇచ్చాము. ఆ పాలు తాగుతూ ఆ అబ్బాయి తన సందేశం మొదలుపెట్టాడు.

మేమూ మా విశ్వాసాన్ని దాచుకోలేదు. వారు జోసెఫ్ స్మిత్ అనే అమెరికన్‌ను ప్రవక్తగా నమ్ముతారు. 1830లో ఆయన ప్రచురించిన మార్మన్ గ్రంథాన్ని బైబిలు సరసన ఉంచుతారు. దైవదౌత్యం అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)తో పరిసమాప్తమయిందనే మా విశ్వాసానికీ వారి మాటకూ పొత్తు కుదరదు. ఆ సంగతి మెత్తగానే అయినా స్పష్టంగా చెప్పాము. ఈసా (అ)ను మేము గొప్ప ప్రవక్తగా గౌరవిస్తామనీ, ఖుర్ఆన్‌లో మర్యమ్ (అ) పేరిట ఒక సూరా ఉన్నదనీ చెప్పినప్పుడు ఆ అబ్బాయి ఆశ్చర్యపడి, ఆ సూరా పేరు రాసుకున్నాడు. వాదన మాత్రం చేయలేదు. అంతటితో ఆ ప్రసంగం ముగిసింది. ఇంకా వాన తగ్గలేదు గనుక, వారి దినచర్య ఎలా ఉంటుందని అడిగాము.

అతడిది అమెరికాలోని ఐడహో రాష్ట్రం. తండ్రి బంగాళాదుంపల రైతు. జతగాడు పసిఫిక్ మహాసముద్రంలోని టోంగా దీవులవాడు. యువకులకు ఈ సేవ రెండేళ్ళు, యువతులకు పద్దెనిమిది నెలలు. ఏ దేశానికి వెళ్ళాలో కోరుకునే వీలు లేదు. చర్చి అధ్యక్షుని పేరిట లేఖ వస్తుంది, అందులో ఏ ఊరుంటే ఆ ఊరికి ప్రయాణం కట్టాలి. జీతం లేదు. ఖర్చులకు తానే వేసవి సెలవుల్లో పొలంలో పనిచేసి కొంత కూడబెట్టుకున్నాడు, మిగిలినది తండ్రి భరిస్తున్నాడు. ఉదయం ఆరున్నరకు లేవాలి, రాత్రి పదిన్నరకు దీపం ఆర్పాలి. జతగాణ్ణి విడిచి ఒంటరిగా తిరగరాదు. ఆడపిల్లలతో షికార్లు లేవు. సుమారు ఆరు వారాలకొకసారి బదిలీల కబురు వస్తుంది. సోమవారం ఒక్కరోజు బట్టలు ఉతుక్కోవటానికీ, సరుకులు తెచ్చుకోవటానికీ, ఇంటికి ఫోను చేయటానికీ తీరిక. ఒకప్పుడు ఇంటికి ఫోను ఏడాదికి రెండుసార్లే ఉండేదట. 2019 నుండి వారానికొకసారి మాట్లాడనిస్తున్నారు.

ఆరున్నర అనగానే మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. ఆ వారం మా మస్జిదులో ఫజ్ర్ జమాఅత్ వేళ కూడా అదే. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మా అబ్బాయిని ఆ వేళకు లేపటానికి మేము పడే పాట్లు ఈ పత్రిక చదివే తల్లిదండ్రులకు వివరించనక్కరలేదు.

మరునాడు వాన వెలిసింది. పొరుగింటి తోటలో అలికిడయితే చూశాము. ఆ ఇద్దరూ కోట్లు విప్పి గోడ మీద పెట్టి, రాలిన ఆకులు ఊడ్చి సంచులకెత్తుతున్నారు. పొరుగున ఉండేది ఒక వృద్ధ ఇంగ్లీషు జంట. వారు క్యాథలిక్కులు. "ఆవిడ మీ మతంలో చేరతారా?" అని గోడ మీదుగా అడిగాము. అతడు నవ్వాడు. "చేరనని మొదటిరోజే చెప్పేశారు సర్. కాని భర్త పోయాక ఆకులు ఊడ్చేవారెవరూ లేరన్నారు."

భర్త పోయాక!

ఆయన మరణించింది మార్చి చివరలోనట. అది రమజాను నెల. ఇఫ్తార్లకూ తరావీహ్‌కూ మేము ఆ ఇంటి ముందు నుంచే రోజూ వెళ్ళాము, వచ్చాము. రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. ఆయన గొంతు వినబడటం లేదన్న సంగతి ఏడు నెలలపాటు మా చెవికి తోచలేదు. పొరుగువారి హక్కును గురించి దైవప్రవక్త (స)కు జిబ్రీల్ (అ) ఎంతగా నొక్కి చెప్పారో తెలిపే హదీసు మాకు కంఠస్థం. పిల్లలకు మేమే నేర్పాము. ఈ ఊరికి వచ్చిన తొలి రెండేళ్ళు పండుగ నాడు వారింటికి సేమ్యా పళ్ళెం పంపాము. తరువాత ఎందుకు మానేశామో ఎంత ఆలోచించినా కారణం దొరకలేదు. కారణమేమీ లేకుండానే మానేశాము కాబోలు.

శనివారం మా అబ్బాయి వచ్చాడు. సంగతి విని, "వాళ్ళకు చిన్నప్పటి నుంచీ అలా నూరిపోస్తారు అబ్బా" అని తేల్చేశాడు. సాయంత్రం ఆ యువకులు వీధిలో కనబడితే తానే పిలిచి, "నీకెప్పుడూ అనుమానం రాదా?" అని అడిగేశాడు. మాకు సిగ్గనిపించింది. ఆ ఐడహో అబ్బాయి నొచ్చుకోలేదు. మొదటి మూడు నెలలు రాత్రిళ్ళు ఏడ్చానన్నాడు. ఆ రోజు అరవై తలుపులు తడితే నాలుగే తెరుచుకున్నాయనీ, ఒకరు కుక్కను వదిలారనీ చెప్పాడు. వారి ప్రచారకులు ఈ ఊరిలో తొలిసారి కాలుమోపింది 1837లో. మొదటి బాప్తిస్మాలు ఇక్కడి రిబుల్ నదిలోనే జరిగాయి. 1933లో ప్రచారకుడిగా ఇదే ఊరికి వచ్చిన గార్డన్ హింక్లీ అనే యువకుడు నిరాశచెంది, తన కాలమూ తండ్రి సొమ్మూ వృథా అవుతున్నాయని ఇంటికి ఉత్తరం రాశాడట. తనను తాను మరచి పని చూసుకొమ్మని తండ్రి క్లుప్తంగా జవాబిచ్చాడట. ఆ హింక్లీయే అనంతరకాలంలో వారి చర్చికి అధ్యక్షుడై, 1998లో సమీపంలోని చార్లీలో వారి టెంపుల్‌ను ప్రారంభించాడు. "మా నాన్న కూడా ఆ కథే చెబుతాడు" అన్నాడు ఆ అబ్బాయి, కొంచెం విసుగ్గానే. ఆ విసుగు చూశాక మా అబ్బాయికి అతడి మీద స్నేహభావం కలిగింది. ఇద్దరూ చాలాసేపు ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకున్నారు. రాత్రి భోజనం దగ్గర మా అబ్బాయి మరొక ప్రశ్న వేశాడు. "మనం ఎప్పుడైనా ఎవరి తలుపయినా తట్టామా అమ్మీ?"

మన జమాఅత్ సోదరులు మూడు రోజులకూ, నలభై రోజులకూ సొంత ఖర్చుతో బయలుదేరుతారు. వారి త్యాగం తక్కువది కాదు. కాని వారు తట్టేదీ మన తలుపులే. అబ్బాయి ప్రశ్నకు మేము జవాబు చెప్పలేకపోయాము.

ఆదివారం వారికి ఉపవాసమట. ప్రతి నెలా మొదటి ఆదివారం రెండు పూటలు ఆహారం మాని, ఆ భోజనానికయ్యే సొమ్ము పేదలకిస్తారు. సోమవారం వారికి బట్టలుతికే రోజు గనుక వీధిలోకి రారు. ఆ సాయంత్రం మేమిద్దరం సేమ్యా పళ్ళెం పట్టుకొని పొరుగింటికి వెళ్ళాము. గేటు దగ్గర కొంతసేపు ఆగాము. ఏడు నెలలు ఆలస్యంగా వచ్చి పరామర్శ ఏమని చేయాలి? తలుపు తట్టాక లోపల పరదా కదిలింది. చాలాసేపటి వరకు ఎవరూ రాలేదు. మేమూ కదలలేదు.

ఆవిడ తలుపు తీశారు. మేము కూడబలుక్కున్న మాటలు సగంలోనే ఆగిపోయాయి. ఆవిడ వాటి కోసం చూడనూ లేదు. పళ్ళెం అందుకొని, లోపలికి రమ్మని, "మీరు టీ తాగుతారా?" అని ఆత్రంగా అడిగారు. తాగుతామన్నాము. "అమ్మయ్య! ఆ పిల్లలు నాలుగు నెలలుగా వస్తున్నారు. ఒక్కరోజూ ఒక్క కప్పయినా తాగలేదు" అంటూ ఆవిడ కెటిల్ వెలిగించి, బీరువాలోంచి మూడు కప్పులు తీశారు.