ఎలుకల మందు: ఇల్లాలి జాగ్రత్త

ధాన్యమును పుస్తకములును ఉన్న యింట ఎలుక లేకుండుట యరుదు. మాది ఉపాధ్యాయుల యిల్లు. బియ్యము కంటె కాగితములే మెండు. ఎలుక రెంటిని సమదృష్టితోనే చూచును. వినాయకుని వాహనమని నమస్కరించుచునే దానిని వదిలించుకొను తెరువు వెదకుచుందుము. అంగడికి పోయి మందు తెచ్చుట సులభము. ఆ మందు ఎలుకను తప్ప మరి యెవ్వరిని ముట్టకుండ చూచుట కష్టము. ఆ భారము మన మీదనే పడుచున్నది.

నీతిచంద్రికలోని హిరణ్యకుని కథ మన మెరుగనిది కాదు. ఆ యెలుక నణచుటకు సన్న్యాసి విషము పెట్టలేదు. కలుగు త్రవ్వి, అది కూడబెట్టిన ధనమును తీసికొనెను. అంతటితో దాని బలము పోయెను. మనకును అదియే మొదటి యుపాయము. రాత్రి ఎంగిలి గిన్నెలు కడిగి బోర్లింపవలెను. పప్పు, బియ్యము బిగువైన మూతగల డబ్బాలలో నుంచవలెను. చిట్టెలుక పావంగుళపు సందున దూరును. పెద్ద యెలుకకు అరంగుళము చాలును. అట్టి కంతలలో ఇనుప పీచు కూరి, సిమెంటుతో మూయవలెను. పిదప బోను పెట్టి చూడవలెను. ఇంట తిండి దొరకుచున్నంత కాలము ఎలుక ఎరను అంతగా ముట్టదు. కావున ఇవి యన్నియు జరిగిన పిమ్మటనే మందు మాట.

మందులన్నియు ఒక్క తీరువి కావు. గొట్టములో వచ్చు ముద్దమందు పసుపు భాస్వరముతో చేసినది. నల్లని పొడి జింకు ఫాస్ఫైడు. అది కడుపులోని ఆమ్లముతో కలసి విషవాయువగును. ఈ రెంటికిని ప్రత్యేకమైన విరుగుడు లేదు. రంగు బిళ్లలుగా వచ్చు బ్రోమడయొలోన్ రక్తమును గడ్డకట్టనీయదు. ఎలుక కొన్ని దినములకు చచ్చును. దీనికి విరుగుడుగా వైద్యులు కె విటమిను నిత్తురు. తప్పనిసరి యైనచో మేము దీనినే యెన్నుకొందుము. మొదటి రెంటిని గడప దాటనీయము.

ఈ బిళ్లయు పసివాని కంటికి మిఠాయివలెనే యుండును. కావున దానిని మూల విసరివేయరాదు. ఎలుక గోడ వెంట పరుగెత్తును గనుక, గోడ వారన, చిన్న కంతయు తాళమును గల పెట్టెలో, బిళ్లను తీగకు గ్రుచ్చి యుంచవలెను. ఎన్ని పెట్టితిమో వ్రాసికొని ప్రతి యుదయము లెక్క చూడవలెను. వంటింటి గరిటెను దానికి తాకింపరాదు. చచ్చిన యెలుకను పిల్లియో కుక్కయో తినకుండ లోతుగా పాతిపెట్టవలెను. మిగిలిన మందును వేరొక సీసాలోనికి మార్చక, దాని పెట్టెలోనే యుంచి తాళము వేయవలెను. పసివారికే కాదు, మనసు కలతపడి యున్న వారికిని అది అందరాదు.

ముద్దమందు తిన్న బిడ్డ మొదట వాంతి చేసికొనవచ్చును. పిదప ఒకటి రెండు దినములు ఆడుకొనుచు తిరుగవచ్చును. గండము గడచినదని పెద్దలు ఊరడిల్లుదురు. లోపల కాలేయము చెడుట అప్పుడే జరుగుచుండును. కామెర్లు కనబడిన నాటికి వైద్యుడు చేయగలిగినది స్వల్పము. మా వీధిలో నొక తల్లి, బిడ్డ నోట మందు పడెనను నిశ్చయము లేకున్నను, ఆ క్షణమే ఆసుపత్రికి పరుగెత్తెను. ఇరుగుపొరుగువారు తొందరపాటనిరి. ఆ బాలుడు నేడు మా వారి బడిలో చదువుచున్నాడు.

అనుమానమే చాలును. ఉప్పునీరు, చింతపండు రసము త్రాగించి వాంతి చేయింపరాదు. పాలు, నెయ్యి, నూనె పోయరాదు. కొవ్వు భాస్వరమును ఒంటికి త్వరగా పట్టించును. 108కి ఫోను చేసి, మందు వచ్చిన పెట్టెనో గొట్టమునో చేత పట్టుకొని ఆసుపత్రికి పోవలెను. బిడ్డ నవ్వుచున్నాడని నడుమ మరలి రాకుడు. వైద్యుడు పొమ్మనిన పిమ్మటనే రండు.