వణికే బండిలో నామక్కల్లుకు

మా హోసూరు తెలుగువారికి నామక్కల్లు అనగానే రెండు గుర్తుకు వస్తాయి. ఒకటి 18 అడుగుల ఆంజనేయస్వామి, రెండవది లారీలు. స్వామికి మ్రొక్కు తీర్చుకోవాలని మా అక్కయ్య చాలాకాలంగా అంటున్నది. 2024 ఫిబ్రవరిలో రెండవ శనివారము మా ఆఫీసుకు సెలవు గనుక ఆనాడే ముహూర్తము పెట్టుకొన్నాము. తెల్లవారుజామున 4 గంటలకు మా మేనల్లుడు తన పికప్ బండి తెచ్చి వాకిట నిలిపాడు. వెనుక సేలం మార్కెట్టుకు వేసిన క్యాబేజీ మూటలు, ముందు మేము ముగ్గురము, మా కాళ్ళ దగ్గర అక్కయ్య పులిహోర కట్టిన స్టీలు గిన్నె.

ఆ బండిని గురించి ముందే ఒక మాట చెప్పాలి. రెండేండ్లు వాడిన బండిని అప్పు తీసికొని కొన్నాడు. ఆ అప్పు పత్రము మీద హామీదారుగా నా సంతకము ఉన్నది. కాబట్టి బండి వణికితే నాకు కూడ వణుకే! అది మూడు నెలలుగా వణుకుతూనే ఉన్నది. గంటకు 60 కిలోమీటర్ల వరకు సాధువు. 65 దాటితే పూనకము. 80 దాటితే మళ్ళీ కొంత శాంతము. ఊళ్ళో ఒక షాపులో రెండుసార్లు ముందు చక్రాలకు బ్యాలెన్సింగ్ చేశారు, ఇంకొకచోట అలైన్‌మెంట్ చేశారు. డబ్బు పోయింది గాని వణుకు పోలేదు. చివరకు వాడు విసిగి, "వచ్చిన కాడికి అమ్మేస్తాను మామా" అన్నాడు. అమ్మితే వచ్చేది అప్పులో సగానికి చాలదు.

హోసూరునుండి నామక్కల్లు సుమారు 210 కిలోమీటర్లు. అంతా 44వ నంబరు జాతీయ రహదారే. పూర్వము దీనినే 7వ నంబరు అనేవారు. కర్నూలు, అనంతపురముల మీదుగా వచ్చే ఆ రోడ్డే మా ఊరి ప్రక్కనుండి పోతుంది. క్రిష్ణగిరి వద్ద చీకటి విచ్చింది. ధర్మపురి దాటాక అక్కయ్య, "గిన్నె మూత చూడరా, భజన చేస్తున్నది" అన్నది. నిజమే. కాళ్ళ దగ్గర మూత గలగలమంటున్నది గాని, వాడి చేతిలోని స్టీరింగ్ అంతగా ఆడటం లేదు. ఆ సంగతి అప్పుడు నేను గమనించాను గాని అర్థము చేసికోలేదు.

తొప్పూరు కనుమ ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. ధర్మపురి మెట్టనుండి సేలం వైపు దిగే పెద్ద వాలు అది. ప్రమాదాలకు పేరుపడ్డ చోటు. చిన్న గేరులో దిగండని బోర్డులు ఉన్నాయి. లారీలు ఏనుగుల వలె ఒకదాని వెనుక ఒకటి బరువుగా దిగుతున్నాయి. మావాడు జాగ్రత్తపరుడే, మెల్లగానే దించాడు. అయినా అక్కయ్య కన్నులు మూసికొని ఆంజనేయ దండకము అందుకొన్నది.

సేలములో మూటలు దించిన తరువాత వణుకు తగ్గుతుందనుకొన్నాను. తగ్గలేదు సరికదా, ఎక్కువయింది. "బరువుంటే అణిగి ఉంటుంది మామా. అందుకే నాలుగు మూటలు ఎక్కువే వేస్తాను. గాలి కూడ కొంచెం తగ్గించి పెడతాను, మెత్తగా పోతుంది" అన్నాడు, ఏదో చిట్కా కనిపెట్టినవాడి వలె. నేను కూడ తల ఊపాను. ఆ తల ఊపినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

నామక్కల్లు 1997 వరకు సేలం జిల్లాలోనిది, ఇప్పుడు తానే జిల్లా. ఊరి నడుమ ఒకే బండరాయిగా కొండ, దానిమీద కోట. కొండను తొలిచి కట్టిన గుహలో నరసింహస్వామి. ఆయనకు ఎదురుగా, దూరమున, చేతులు జోడించి నిలుచున్నాడు ఆంజనేయుడు. స్వామి తలపై కప్పు లేదు. ఎండ వాన అన్నీ ఆయన మీదనే. మన ఆంధ్రదేశములో హనుమజ్జయంతి చైత్రములోనో వైశాఖములోనో వస్తుంది గాని ఇక్కడ మార్గళి అమావాస్యకు చేస్తారు. ఆనాడు 1,00,008 వడల మాల వేస్తారు. మా అక్కయ్య తన శక్తికొద్ది వడమాల సమర్పించి, ప్రసాదము పొట్లము కట్టించుకొని, "ఇక బండి సంగతి స్వామి చూచుకొంటాడు" అన్నది.

స్వామి చూచాడో లేదో గాని, ఆయన ఊళ్ళో చూచేవారికి కొదువ లేదు. నామక్కల్లు రోడ్లలో పోతుంటే ఒక ప్రక్క కోడిగ్రుడ్ల బండ్లు, ఇంకొక ప్రక్క లారీలకు శరీరము కట్టే షెడ్లు. కొన్ని లారీలకు కంపెనీనుండి ఇంజను, చట్రము మాత్రమే వస్తాయి. క్యాబిను, తొట్టి, రంగు, నుదుటి వ్రాత అన్నీ ఇక్కడ. తెలుగు అక్షరాలు వ్రాసికొని రంగు ఆరుతున్న లారీ ఒకటి కనబడితే చుట్టము కనబడినట్లే ఉండినది. అక్కడ భోజనము చేస్తూ ఇద్దరు డ్రైవర్లను విచారిస్తే, సేలం రోడ్డు ప్రక్కన ఒక రేకుల షెడ్డు చూపించారు.

షెడ్డు యజమాని అరవై దాటిన మనిషి. అరవములో మొదలుపెట్టాను గాని, నా యాస విని, "తెలుగోళ్ళా సామీ? మాయింట్లోను తెలుగే" అన్నాడు. పుట్టి పెరిగింది అక్కడేనట. మావాడు బ్యాలెన్సింగ్ రసీదులన్నీ తీసి చూపబోయాడు. ఆయన వాటివంక చూడనైనా లేదు. ఒక్కటే అడిగాడు:

"చేతికి వణకతాదా, నడుముకి వణకతాదా?"

మావాడు నా వంక చూచాడు. మూడు నెలలు తిరిగిన షాపులలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదట. "నడుముకే" అన్నాను నేను. గిన్నె మూత సంగతి కూడ చెప్పాను. ఆయన నవ్వి, "ముందు చక్రమైతే చేతికి చెప్తాది. వెనకదైతే సీటుకి చెప్తాది" అన్నాడు. అన్నివేళలా అట్లాగే కాకపోయినా వెదకడము అక్కడ మొదలుపెట్టాలట.

తరువాత తానే నడిపాడు. బైపాసు మీద, వెనుక ఎవరూ లేనప్పుడు, 70కి తెచ్చి గేరు తీసి న్యూట్రలులో వదిలాడు. ఇంజను శబ్దము దిగిపోయింది, వణుకు అట్లాగే ఉన్నది. కనుక ఇంజను కాదు. బ్రేకు మెల్లగా నొక్కాడు; వణుకు పెరగలేదు. కనుక డ్రమ్ములు కావు. గట్టిగా యాక్సిలరేటరు తొక్కాడు, వదిలాడు, తేడా లేదు. కనుక షాఫ్టు క్రాసుల మీద అనుమానము తరువాతికి. ఆఫీసులో కనబడని ఫైలును ఏ బల్ల దాటింది, ఏ బల్ల దాటలేదు అని వెదకినట్లే ఉన్నది నాకు. అయితే మా ఆఫీసులో ఇంత తొందరగా దొరకదు.

షెడ్డుకు వచ్చి ముందు చక్రాలకు దిమ్మెలు పెట్టి, వెనుక ఒక ప్రక్క జాకీ ఎత్తి, క్రింద దుంగ నిలిపాడు. టైరు ముందర ఇటుక పెట్టి, ఇటుక మీద చాక్‌పీసు ఆనించి పట్టుకొని, చక్రమును చేతితో మెల్లగా త్రిప్పాడు. ముక్కాలు చుట్టు చాకుకు తగలలేదు. ఆ తరువాత జానెడు మేర తెల్లని గీత పడింది. మళ్ళీ త్రిప్పాడు. మళ్ళీ అక్కడే గీత. టైరు అక్కడ ఉబ్బి ఉన్నది! కంటికి కనబడేటంత కాదు. అరచేత్తో నిమిరితే తెలుస్తుంది.

"దీనికి బ్యాలెన్సింగ్ చేస్తే పోదా?" అన్నాను. బ్యాలెన్సింగ్ చూచేది బరువు, గుండ్రము కాదు అన్నాడు ఆయన. ఒక ప్రక్క బరువు తక్కువైతే బిళ్ళ కొట్టి సరిచేయవచ్చు. వంకర తిరిగినదానికి ఎన్ని బిళ్ళలు కొట్టినా నేల మీద ఎగురుతూనే ఉంటుంది. పైగా మావాడు చేయించింది ముందు చక్రాలకు. తరువాత మా ఇంజనీరుగారు లెక్కగట్టి చెప్పారు: ఇటువంటి చక్రము ఒక చుట్టుకు 2 మీటర్ల పైన నడుస్తుంది, 75 వేగములో సెకనుకు దాదాపు 10 చుట్లు. రిమ్ము అంచున 30 గ్రాముల తేడా ఉన్నా ఆ వేగములో రెండు కిలోలకు పైబడిన లాగుడట. వేగము రెట్టింపైతే లాగుడు నాలుగింతలు. 40లో సాధువు 70లో పూనకమెందుకయ్యాడో అప్పుడు తెలిసింది.

స్టెప్నీ బిగించి మళ్ళీ నడిపితే వణుకు చాలావరకు పోయింది గాని కొంచెము మిగిలింది. ఆయన రెండవ వెనుక చక్రము విప్పి లోపలివైపు చూపించాడు. తోటలలోని బురద రిమ్ము లోపల ఎండి, రాయివలె అతుక్కొని ఉన్నది. గీకితే రెండు గుప్పెళ్ళు రాలింది. హోసూరు మట్టి నామక్కల్లు దాకా వచ్చింది, అప్పు తీర్చకుండా.

నేను చెప్పదలచిన సంగతి ఆ తరువాతిది. విప్పిన టైరును, ఇంకెవరూ వాడకుండా, ఆయన కత్తితో కోశాడు. ఉబ్బిన చోట పై రబ్బరుకు, లోపలి ఉక్కుతీగల పొరకు మధ్య విడిపోయి ఉన్నది. ఆయన నాలుగు వ్రేళ్ళు అందులో పెట్టి చూపించాడు. "గాలి తక్కువ పెట్టి, బరువు ఎక్కువ ఏసినావా నాయనా?" అని అడిగాడు. గాలి తక్కువైతే టైరు మడతపడుతూ వేడెక్కుతుందట, బరువు దానికి తోడైతే పొరలు విడిపోతాయట. వణుకు అణగాలని మావాడు చేసిన రెండు చిట్కాలూ టైరును చంపేవే.

మావాడు మాట్లాడలేదు. అక్కడున్న పాత టైరు మీద కూర్చున్నాడు. వాడు ఏమి తలచుకొంటున్నాడో నాకు తెలుసు. నేనూ తొప్పూరు వాలునే తలచుకొంటున్నాను. ఈ టైరుతోనే మూడు నెలలు, వారానికి రెండుసార్లు, నిండు బరువుతో దిగాడు. ఆ ఉదయము వాడి తల్లి కూడ ప్రక్కనే కూర్చుని ఉండినది. అక్కయ్యకు ఆ టైరు చూపించవద్దని వాడు నాకు కన్నులతోనే చెప్పాడు. ఆమె షెడ్డు ముందర వేపచెట్టు నీడన, పనివాళ్ళకు వడలు పంచుతున్నది.

ఆయన తీసికొన్నది 300 రూపాయలు. తలుపు ప్రక్కన అంటించిన పట్టికలో వ్రాసినంత గాలి, అదీ ప్రొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడు చూచి పెట్టమన్నాడు. నట్లు వరుసగా కాక ఎదురెదురుగా బిగించి, "సేలములో ఆగి ఇంకొక తూరి బిగించు" అన్నాడు. మావాడు సేలములో ఆగాడు. జాకీ కర్ర తీసికొని ప్రతి నట్టూ బిగించి, నాలుగు టైర్లనూ ఒక్కొక్కటిగా అరచేత్తో నిమిరి చూచాడు. అక్కయ్య ఆశ్చర్యపడి, "ఏమిట్రా, బండికి దిష్టి తీస్తున్నావా?" అన్నది.

తొప్పూరు కనుమ ఎక్కేసరికి చీకటి పడింది. పైకి చేరాక 70కి తెచ్చాడు. ముగ్గురమూ ఒకేసారి కాళ్ళ దగ్గరి గిన్నె వంక చూచాము. మూత పలకలేదు. అందులో పులిహోర కొంచెము మిగిలి ఉంటే క్రిష్ణగిరిలో తిన్నాము.