వేలి వెల

ప్రెస్ షెడ్లు, లేతు షెడ్లు ఉన్న బస్తీల్లో సలాం కోసం లేచే ప్రతి చేతికీ అయిదు వేళ్లుంటాయనుకోవద్దు. ఒకరికి చూపుడువేలు సగమే. ఇంకొకరికి చిటికెనవేలు లేదు. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. మావాళ్లలో అది పనితనానికి పట్టాలా చెలామణి అవుతుంది. వేలు పోయినవాడు పాత ఉస్తాద్ అన్నమాట.

1994లో మా ఛోటే మామూ కాటేదాన్ వైపు ఒక షెడ్డులో పవర్ ప్రెస్ మీద డబ్బా మూతలు కొట్టేవాడు. ఒక రాత్రి రేకు సర్దుతుండగా ప్రెస్ దిగింది. కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు పోయాయి. షెడ్డు యజమాని మావాడే, అయిదు పూటలా నమాజీ. ఆస్పత్రిలో మొదటి బిల్లు కట్టాడు. ఆ ఏడు రంజాన్‌లో ఒక కవరు పంపాడు. పైన 'జకాత్' అని ఉర్దూలో రాసి ఉంది. నానీ దాన్ని కళ్లకద్దుకుంది. "నసీబ్ మే థా" అంది. నుదుట రాసినదానికి ఎవర్ని నిలదీస్తాం అని ఆమె బాధ. మామూ మాత్రం దావత్‌లకు వెళ్లడం మానేశాడు. కుడిచేతిలో ముద్ద నిలవదు, ఎడమచేత్తో తింటే నలుగురూ చూస్తారు.

ఆ కవరు మీది మాట నాకిప్పటికీ మింగుడు పడదు. జకాత్ పేదవాడికిచ్చేది. నేను నీకు పడ్డ బాకీని జకాత్ లెక్కలో రాసుకుంటానంటే ఏ మౌల్వీ ఒప్పుకుంటాడు? మామూకు రావలసింది బాకీ. పనిలో, పని వల్ల దెబ్బ తగిలితే యజమాని పరిహారం చెల్లించాలని 1923 చట్టమే చెప్పింది. తప్పు యజమానిదా కాదా అని అది అడగదు. కూలీ ఏమరుపాటున ఉన్నాడన్నదీ సాకు కాదు. తాగి ఉన్నాడనో, కావాలని గార్డు పీకేశాడనో, అలాంటిదేదో రుజువు చేస్తే యజమాని తప్పించుకోగలడు. ప్రాణమే పోతే అదీ చెల్లదు.

ఆ చట్టం వేళ్లకు వెల కట్టింది. బొటనవేలికి నూటికి 30, చూపుడువేలికి 14, నడిమివేలికి 12, ఉంగరంవేలికో చిటికెనవేలికో 7. ఒకే చేతికి రెండు వేళ్లు పోతే 20. మా ఫిఖ్హ్‌లో దియత్ లెక్క వేరు. ప్రాణానికి నూరు ఒంటెలు, ఏ వేలికైనా పదే. చిటికెనవేలూ బొటనవేలూ అక్కడ సమానం. ఒంటెలు తోలుకు రమ్మనడం లేదుగాని, ఆ సమానత్వం నాకు ముచ్చటేస్తుంది.

ఇప్పటి లెక్కలో చెప్తాను. నెలకు పదివేలు తెచ్చుకునే ముప్పై ఏళ్ల మనిషికి రెండు వేళ్లు పోయాయనుకోండి. జీతంలో 60 శాతాన్ని ఆ వయసుకు పట్టికలో ఉన్న 207.98తో హెచ్చవేసి, అందులో నూటికి 20 తీస్తే 2,49,576 రూపాయలు. పట్టిక అంకె కూడా ఆఖరి మాట కాదు. సినిమా హాల్లో పనిచేస్తూ పడి, మోచేతి పైదాకా ఎడమచెయ్యి పోగొట్టుకున్న ఒక వడ్రంగి కేసులో, ఒంటిచేత్తో వడ్రంగం సాగదు కనుక అతని సంపాదన శక్తి నూటికి నూరూ పోయినట్టేనని 1975లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ప్రమాదం జరిగిన రోజే పరిహారం బాకీ పడుతుందని కూడా చెప్పింది.

ఇంత చట్టం ఉండగా కవరెందుకొచ్చింది? మా షెడ్లలో యజమానీ కూలీ లేరు, ఉస్తాదూ షాగిర్దూ ఉన్నారు. మస్టర్ ఉండదు, జీతం చీటీ ఉండదు. "వాడు నా కొడుకులాంటివాడు" అంటాడు ఉస్తాద్. నిజంగా కొడుకైతే ఆ ప్రెస్ మీద కూర్చోబెట్టేవాడా? మహల్లా పెద్దలు "ఘర్ కా మామ్లా, కచేరీ కైకు" అన్నారు. ఇంటి సంగతి కోర్టుకెందుకని. బయటి నుంచి ఎవడైనా తురకోడా అంటే మేమందరం ఒక్కటే. షెడ్డు లోపల మాత్రం కాదు. ఈ మాట రాస్తే మావాళ్లకు కోపం వస్తుందని తెలుసు.

అభ్యుదయ మిత్రుల సంగతీ చెప్పాలి. తలాక్ గురించీ బురఖా గురించీ నన్ను అడగనివాళ్లు లేరు. మీ బస్తీలో ప్రెస్ కింద ఎన్ని వేళ్లు పడ్డాయని అడిగినవాళ్లు నాకు గుర్తులేరు. ఆరుగురు పనిచేసే షెడ్డులో యూనియన్ జెండా ఎవరు పాతుతారు?

పరిహారాన్ని ఉర్దూలో ముఆవజా అంటాం. తెలుగులో పరిహారమంటే పాపానికీ చేసుకోవచ్చు, దోషానికీ చేసుకోవచ్చు. అందుకేనేమో ఇచ్చేవాడు పుణ్యం చేస్తున్నట్టు ఇస్తాడు. హక్కు అన్న మాటే నయం. అది మా 'హఖ్' నుంచి వచ్చి మీ నోట తెలుగైపోయింది.

చట్టం 2010లో 'ఉద్యోగుల పరిహార చట్టం' అని పేరు మార్చుకుంది. 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. దరఖాస్తుకు గడువు అప్పుడూ ఇప్పుడూ రెండేళ్లే. మస్టర్ లేకపోయినా ఫోన్లో పడ్డ జీతం మెసేజ్ ఉంటుంది, పక్క మిషన్ మీది మనిషి ఉంటాడు. వీటికన్నా ముందు ఆస్పత్రి చీటీ. మామూ చీటీలో 'ఇంట్లో పడ్డాడు' అని ఉంది. యజమాని అలా చెప్పమన్నాడు, మావాళ్లు అలాగే చెప్పారు. డాక్టరు ఎక్కడ తగిలిందని అడిగితే షెడ్డు పేరే చెప్పండి. రాశాడో లేదో చదివించుకోండి.