స్టార్ట్ అయితే చాలదు

హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్లయింగ్ స్కూళ్లలో ఎగిరే సెస్నా 152, 172 విమానాల మెయింటెనెన్స్ నా వృత్తి. పిస్టన్ ఇంజిన్ విమానాలకు డీజీసీఏ ఇచ్చే బి1.2 లైసెన్స్ నాది. పైలట్ లాగ్‌బుక్‌లో రాసే లోపాన్ని మేం స్నాగ్ అంటాం. ఎండాకాలం వచ్చిందంటే ఎక్కువగా కనిపించే స్నాగ్ ఒకటుంది: ‘బ్యాటరీ వీక్’. అది చదవగానే చాలామంది చెయ్యి కొత్త బ్యాటరీ మీదికి పోతుంది. నా చెయ్యి మల్టీమీటర్ మీదికి పోతుంది.

వేరే వర్క్‌షాప్‌లో బ్యాటరీ మార్పించుకుని ఒక 152 మా హ్యాంగర్‌కు వచ్చింది. అయినా ప్రొపెల్లర్ అర చుట్టు తిరిగి ఆగిపోతోంది. “సార్, ఇది కొత్తదే కదా, అప్పుడే పాడైందా?” అని మా ట్రైనీ అమ్మాయి అడిగింది. “కొలిచి చూద్దామమ్మా, అప్పుడు తెలుస్తుంది” అన్నాను.

ఆ విమానంలో ఉండేది 24 వోల్టుల బ్యాటరీ. ఒక్కో సెల్ సుమారు 2.1 వోల్టులు, మొత్తం 12 సెల్స్. లోడ్ లేకుండా చూస్తే 25 వోల్టులు దాటింది. ఆ అంకె చూసి ఏమీ తేల్చకూడదు, లోడ్ పడ్డప్పుడే నిజం బయటపడుతుంది. మిక్స్చర్ పూర్తిగా కట్ చేసి, స్పార్క్ ప్లగ్ వైర్లు ఊడదీసి, ప్రొపెల్లర్ దగ్గర ఎవరూ లేకుండా చూసుకుని స్టార్టర్ తిప్పించాను. బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర 22 వోల్టులున్నాయి. స్టార్టర్ దగ్గరికి వచ్చేసరికి 16. అంటే బ్యాటరీ ఇస్తూనే ఉంది, దారిలో 6 వోల్టులు పోతున్నాయి.

ఎక్కడ పోతున్నాయో మెట్టు మెట్టుగా వెతకాలి. బ్యాటరీ పాజిటివ్ నుంచి కాంటాక్టర్ (పెద్ద కరెంటును కలిపే స్విచ్) మీదుగా స్టార్టర్ వరకు ఒక వోల్టు తేడా. బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజిన్ బాడీకీ మధ్య 5 వోల్టులు! ఇంజిన్‌ను విమానం బాడీతో కలిపే గ్రౌండ్ స్ట్రాప్ విప్పించాను. లగ్ కింద బూడిదరంగు పొడి, దాని కింద పెయింట్ పొర. లోహం మెరిసేదాకా శుభ్రం చేసి, సరైన టార్క్‌తో బిగిస్తే అదే బ్యాటరీతో ప్రొపెల్లర్ గిర్రున తిరిగింది. గ్రౌండ్ సరిగా లేకపోతే స్టార్టర్ కరెంటు ఊరుకోదు, థ్రాటిల్ కేబుల్ గుండా కూడా దారి వెతుక్కుని దాన్ని కాల్చేయగలదు. స్టార్టింగ్ ఇబ్బంది అనుకున్నది అలా ప్రాణాల మీదికి వస్తుంది.

ఇంజిన్ స్టార్ట్ అయితే బ్యాటరీ బాగున్నట్టే అనుకోవడం ఇంకో పెద్ద పొరపాటు. వంద గజాలు పరుగెత్తగలిగిన మనిషి పది మైళ్లు నడవగలడని చెప్పలేం. స్టార్టర్‌కు కావాల్సింది కొన్ని క్షణాలపాటు పెద్ద కరెంటు. గాల్లో ఆల్టర్నేటర్ పోయినప్పుడు కావాల్సింది చాలాసేపు నిలిచే కరెంటు. స్పార్క్ పుట్టించే మాగ్నెటోలకు బ్యాటరీతో పని లేదు కాబట్టి ఇంజిన్ ఆగదు. కానీ రేడియో, ట్రాన్స్‌పాండర్, ఫ్లాప్స్, లైట్లు అన్నీ బ్యాటరీ మీదే బతకాలి. ఒంటరిగా క్రాస్ కంట్రీకి వెళ్లిన స్టూడెంట్‌కు ఆ కాసేపట్లో రేడియో ఉండటం ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు.

ఆ సత్తా తేల్చేది కెపాసిటీ టెస్ట్ ఒక్కటే. పూర్తిగా చార్జ్ చేసి, ఒక గంట రేటుకు లేబుల్ మీద రాసిన కరెంటును ఆపకుండా లాగుతాం. వోల్టేజ్ 20కి పడిపోయేలోపు 48 నిమిషాలైనా నిలవాలి. అంటే 80 శాతం. నిలవలేదంటే, ఎంత చక్కగా ఇంజిన్ స్టార్ట్ చేసినా దాన్ని విమానంలోకి ఎక్కించను.

పూర్తిగా పడిపోయిన బ్యాటరీతో బయటి పవర్ పెట్టి స్టార్ట్ చేసి వెళ్లిపోదామనే వాళ్లుంటారు. ఆల్టర్నేటర్ ఫీల్డ్‌కు మొదటి కరెంటు ఇవ్వాల్సింది బ్యాటరీయే. పైగా ఖాళీ బ్యాటరీ ఆపదలో ఎందుకూ కొరగాదు. దించాలి, చార్జ్ చేయాలి, టెస్ట్ చేయాలి. దగ్గరి దారి లేదు.

ఇక మన వేడి. ఈ విమానాల్లో బ్యాటరీ ఉండేది ఫైర్‌వాల్‌కు ముందు, ఇంజిన్ పక్కనే. వేడి 10 డిగ్రీలు పెరిగితే లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు సగమవుతుందని మా వృత్తిలో ఒక లెక్క. అందుకే మే నెలలో నీటి మట్టం మరింత తరచుగా చూస్తాం. డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేదీ పోయం, అదీ చార్జింగ్ అయ్యాకే. యాసిడ్ ఒలికితే అల్యూమినియాన్ని తినేస్తుంది, కాబట్టి బాక్స్‌ను వంటసోడా నీళ్లతో కడుగుతాం, ఒక్క చుక్క కూడా సెల్‌లోకి పోకుండా. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర.

నేర్చుకునే పైలట్లకు నా మనవి ఒక్కటే. స్టార్టర్ కాస్త బద్ధకంగా తిరిగినా, లో వోల్టేజ్ లైట్ ఒక్కసారి మిణుకుమన్నా, ఎలాగోలా ఎగిరి వచ్చాం కదా అని వదిలేయకండి. ఎప్పుడు, ఏ స్విచ్‌లు ఆన్‌లో ఉండగా జరిగిందో లాగ్‌బుక్‌లో రాయండి. మీరు రాసిన ఆ రెండు లైన్ల నుంచే మా వెతుకులాట మొదలవుతుంది.