వెనక్కి తిరిగే ధైర్యం

సాహసం అనగానే మనకు హిమాలయాలే గుర్తొస్తాయి. వీపున సంచీ, చేతిలో కర్ర, కాళ్లకు ఖరీదైన బూట్లు... అంత దూరం పోలేనివాళ్లకు గండికోట ఉండనే ఉంది. ఎర్రమల కొండల్ని పెన్నానది కోసుకుంటూ పోయిన ఆ లోయ అంచున నిలబడి ఫొటో దిగితే ఆ వారాంతం సార్థకమైనట్టే! కర్నూలు జిల్లా పడమటి కొసన ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిపెరిగినవాళ్లను అడిగితే మాత్రం వేరే మాట చెబుతారు. సాహసాన్ని వెతుక్కుంటూ ఎక్కడికో పోనక్కర్లేదు. పొద్దున్నే బర్రెల్ని తోలుకుని చేనికి పోయి, మోడం పట్టిన సాయంత్రం క్షేమంగా ఇల్లు చేరితే చాలు. ఒక్కోరోజు అంతకు మించిన సాహసం ఉండదు.

ఇది వాన కోసం మొహం వాచిన నేల. నల్లరేగడి నెర్రెలిచ్చి చూస్తుంటుంది. రైతు మెడ నొప్పిపుట్టేదాకా ఆకాశం వైపు చూస్తాడు. తీరా ముంగారు వాన వచ్చేసరికి ఒంటరిగా రాదు. ముందు దుమ్ము లేపే గాలి, వెనకాలే ఉరుములు, ఆపైన పిడుగులు. రమ్మని మొక్కిన చేతులతోనే చెవులు మూసుకోవాల్సి వస్తుంది!

మెట్ల మీద ఒక మధ్యాహ్నం

ఆదోని ఊరిని ఆనుకునే గుండ్ల కొండలు. ఒకదానిమీద ఒకటి ఎవరో పేర్చిపెట్టినట్టుండే రాతిగుండ్ల మధ్య విజయనగర కాలంనాటి కోట గోడలు ఇంకా కనిపిస్తాయి. 1786లో టిప్పుసుల్తాన్ సైన్యం ముట్టడించి పట్టుకున్న కోట అది. ఇప్పుడా కొండలు ఎక్కేది సైన్యాలు కాదు, రణమండల ఆంజనేయస్వామికి మొక్కుకున్నవాళ్లు. వాళ్లతోపాటు, ఈమధ్య సెలవులకు వచ్చే పిల్లలు.

పత్తి మార్కెట్లో గుమాస్తాగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న ఓ పెద్దాయనకు బెంగళూరులో ఉద్యోగం చేసే మనవడున్నాడు. మే నెలలో వచ్చాడు. 'కొండెక్కుదాం తాతా' అన్నాడు. 'తెల్లారుజామున పోదాం' అన్నాడాయన. మనవడు లేచేసరికే తొమ్మిదయింది. స్నానం, టిఫిను, ఫోన్లు, మళ్లీ భోజనం... మొత్తానికి బయల్దేరేసరికి మూడు దాటింది. పగలంతా కాగిన బండలు అరికాళ్లను వేయిస్తున్నాయి. గాలి స్తంభించింది. సగం మెట్లెక్కాక పెద్దాయన ఆగి, బళ్లారి దిక్కుకు చూశాడు. ఆకాశం అడుగున కాటుక పూసినట్టు ఒక గీత. దానిపైన గోపీపువ్వులా ఉబ్బిన తెల్లటి మబ్బు.

'ఇంగ చాలు నాయనా, దిగుదాం పా' అన్నాడు.

'ఇంకా పదిహేను నిమిషాలే తాతా! పైకి పోయి ఒక్క ఫొటో తీసుకుని వచ్చేద్దాం.'

'పైకి పదైదు నిమిషాలే. మరి కిందికి?'

అంతలో దూరంగా మెరిసింది. పెద్దాయన వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు. పదిహేను లెక్కపెట్టాక ఉరుము వినిపించింది. వెలుగు వెంటనే కళ్లకు చేరుతుంది, శబ్దం మాత్రం కిలోమీటరుకు మూడు సెకన్ల చొప్పున నడిచి వస్తుంది. అంటే పిడుగు ఐదు కిలోమీటర్ల దూరంలో ఉంది. అది దూరం కాదు, గుమ్మంలో ఉన్నట్టే! మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్పై సెకన్లకంటే తక్కువ ఉంటే గట్టి కప్పు కిందికి చేరాల్సిందేనని శాస్త్రవేత్తలు చెబుతారు. ఆయన ఆ మాట ఎక్కడా చదవలేదు. ఆయనకు తెలిసింది వేళ్ల లెక్కే.

ఇద్దరూ దిగారు. కొండ కింద ఒక దుకాణంలోకి చేరిన కాసేపటికే గాలి రేకుల్ని లేపింది. చింతకాయలంత చినుకులు. అరగంట కుండపోత. ఆ రోజు కొండమీద పిడుగేమీ పడలేదు. పడివుంటే తాత గొప్పవాడై పోయేవాడు! మనవడు మొహం ముడుచుకుని, 'అనవసరంగా దిగాం' అన్నాడు. వెనక్కి తిరిగినవాడితో ఉన్న ఇబ్బందే ఇది. ముందుకు పోయినవాడికి చూపించడానికి ఫొటో ఉంటుంది. తిరిగొచ్చినవాడి చేతిలో ఏమీ ఉండదు, ప్రాణం తప్ప.

ఆ రాత్రి అన్నాల దగ్గర పెద్దాయన నోరు విప్పాడు. ఆయనకు పదేళ్లప్పుడు, అన్నతో కలిసి చేనికి పోయాడు. మోడం కమ్ముకొచ్చింది. ఇద్దరూ గట్టుమీది చింతచెట్టు కిందికి పరుగెత్తారు. 'తలమీద కప్పుకునే గోనెసంచి బండి దగ్గర మరిచినం, ఎత్తుకురా పో' అని అన్న పంపించాడు. ఆయన సంచి తీసుకుని వెనక్కి తిరిగేసరికి చెట్టు నిలువునా చీలి ఉంది. కింద అన్న ఉన్నాడు, నిద్రపోతున్నట్టు. ఒంటిమీద పెద్ద గాయం కూడా లేదు. ఇంట్లో ఎవరికీ వివరంగా చెప్పని సంగతి అది. మనవడు చెయ్యి కడుక్కోవడం మరిచిపోయి అలాగే కూర్చున్నాడు.

చెట్టు కింద నీడ ఉంటుంది, కాపు ఉండదు

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో మనదేశంలో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారు. తుపాన్లకు ఉన్నట్టు పిడుగుకు పేరుండదు. ఒక్కొక్కరుగా, ఒక్కో చేలో పోతారు కాబట్టి పేపర్లో నాలుగు వరసలకు మించి రాదు.

పిడుగు పడినప్పుడు కరెంటంతా చెట్టులోనే ఆగదు. వేళ్ల వెంబడి నేలలోకి పాకుతుంది. పక్కనున్న మనిషి ఒక కాలులోంచి ఎక్కి రెండో కాలులోంచి దిగుతుంది. కాళ్లమధ్య దూరం ఎంత ఎక్కువుంటే దెబ్బ అంత గట్టిది. చెట్టు కింద గుమిగూడిన గొర్రెలు ఒక్క పిడుగుకు పదులకొద్దీ పోయేది అందుకే. ముందుకాళ్లకూ వెనకకాళ్లకూ మధ్య ఎడం ఎక్కువ కదా!

కాబట్టి ఉరుము వినిపిస్తే ఒంటరి చెట్టు వద్దు, కొండ కొస వద్దు, ఇనుప కంచె వద్దు. పక్కా ఇల్లో, తలుపులు మూసిన కారో, బస్సో మేలు. అవేవీ లేకపోతే చెట్టుకు దూరంగా, పల్లంలో, రెండు పాదాలూ దగ్గరగా చేర్చి గొంతుక్కూర్చోవాలి. నేలమీద పడుకోకూడదు. చివరి ఉరుము వినిపించాక అరగంట ఆగి కదలాలి. పిడుగు తగిలినవాళ్లను ముట్టుకుంటే షాకు కొడుతుందన్నది వట్టి భయమే. ఊపిరి, గుండె ఆగిపోతే వెంటనే ఛాతీమీద నొక్కుతూ ప్రాణం నిలబెట్టే ప్రయత్నం చెయ్యాలి.

వాన ఎక్కడో, వంక ఇక్కడ

పైనుంచి వచ్చేది పిడుగైతే, పక్కనుంచి వచ్చేది వంక. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక తేలి, పిల్లలు ఆడుకునే చోటే అది. పైన పది ఊళ్ల అవతల ఎక్కడో కురుస్తుంది. ఇక్కడ చినుకైనా ఉండదు. ఉన్నట్టుండి ఎర్రనీళ్లు రొద చేస్తూ దిగుతాయి. అటువైపు ఊరు కనిపిస్తుంటుంది, ఇంట్లో దీపం కనిపిస్తుంటుంది. 'మోకాల్లోతే కదా' అనిపిస్తుంది. అక్కడే మనిషి మోసపోతాడు. పారే నీళ్లు అరడుగు లోతున్నా మనిషిని పడదోయగలవు. రెండడుగులుంటే కార్లను కూడా తేల్చుకుపోతాయి.

2009లో జిల్లా అంతా ఈ పాఠం నేర్చుకుంది. ఆగస్టుదాకా కరువు మాటే వినిపించిన ఏడాది అది. అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని ముంచేసింది. భక్తులు మిద్దెలెక్కి సాయం కోసం ఎదురుచూశారు. అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి కలిసి కర్నూలు నగరాన్నే ముంచెత్తాయి. మొన్న 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం పందొమ్మిదో గేటు కొట్టుకుపోయినప్పుడు నది ఒడ్డు పల్లెలు కంటిమీద కునుకు లేకుండా గడిపాయి.

తిరగలేనివాళ్ల సంగతి

ఇప్పుడు కబురు ముందే వస్తుంది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఫలానా మండలంలో పిడుగులు పడవచ్చని ఫోన్లకు సందేశాలు పంపుతోంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన 'దామిని' అనే యాప్ చుట్టుపక్కల ఇరవై, నలభై కిలోమీటర్ల లోపు పిడుగుల ఆచూకీ చెబుతుంది. బాగానే ఉంది. కానీ ఫోను మోగినంత మాత్రాన కాళ్లు కదులుతాయా?

బెంగళూరు మనవడు కొండ దిగితే పోయేది ఒక ఫొటో. పత్తి చేలో వంగిన కూలిమనిషి పని ఆపితే పోయేది ఆ పూట కూలి. గొర్రెల కాపరి మందను విడిచి ఎక్కడికి పరుగెత్తుతాడు? అవి పోతే అతని బతుకే పోయినట్టు! 1938లో మాచాని సోమప్ప చొరవతో నేతగాళ్ల సహకార సంఘం వెలిసిన ఎమ్మిగనూరులో ఇంకో రకం కష్టం. గుంటమగ్గంలోకి వాననీళ్లు దిగితే నేత ఆగిపోతుంది, నూలు చెమ్మగిల్లుతుంది. వాన వెలిసినా గుంట ఆరేదాకా రాబడి లేదు. ఇక్కడ వానలు తప్పితే, కుటుంబాలకు కుటుంబాలు తాళాలు వేసి గుంటూరు వైపు మిరపకాయల కోతకు, సుగ్గికి పోతాయి. అక్కడా పని ఆకాశం కిందే.

మబ్బుల్లో నీళ్లు చూసి ముంత ఒలకబోసుకోవద్దన్నారు పెద్దలు. మబ్బును చూశాక కూడా చేలోనే ఉండిపోవద్దని కూడా చెప్పాల్సిన రోజులివి. అయితే ఆ మాట కూలివాళ్లకొక్కరికే చెబితే సరిపోదు. ఉరిమితే పని ఆపమని చెప్పాల్సింది చేను యజమాని. ఆపిన గంటకు కూలి కొయ్యనని కూడా ఆయనే చెప్పాలి. సెలవుల్లోనూ బడి తాళం ఎవరి దగ్గరుందో పొలాలకు పోయేవాళ్లకు తెలిసుండాలి. ఊరికి దూరంగా ఉన్న చేల నడుమ నలుగురు నిలబడేందుకు పిడుగు రక్షణ కలిగిన పక్కా గది ఒకటుంటే అదే పదివేలు.

కొండ ఎక్కడానికి కాళ్ల సత్తువ చాలు. దిగడానికి తెలివి కావాలి. చేను విడిచి రావడానికి మాత్రం ఆ రెండూ చాలవు, ఆ పూట పొయ్యి వెలుగుతుందన్న భరోసా కూడా ఉండాలి.