బేత్లెహేములో మా డిసెంబరు పాఠాలు

బేత్లెహేము అనగానే మన మనస్సు యూదయ దేశానికి వెళ్తుంది. మేము వ్రాయబోయేది మరో బేత్లెహేమును గురించి. ఇది అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలో, లీహై నది ఒడ్డున ఉంది. ఫిలడెల్ఫియా దాపున ఉన్న మా ఇంటి నుండి కారులో ఉత్తరంగా గంటన్నర ప్రయాణం. ఒకప్పుడు ఉక్కుకు పేరు మోసిన ఊరు. 1995లో ఇక్కడ ఉక్కు తయారీ ఆగిపోయింది గాని, ఆ పెద్ద పెద్ద కొలుములు నది దక్షిణపు గట్టున ఇంకా నిలబడే ఉన్నాయి. ఊరికి దక్షిణాన కొండమీద రాత్రివేళ విద్యుద్దీపాల నక్షత్రం వెలుగుతుంది. 1937 నుండి ఈ ఊరు తనను తాను ‘క్రిస్మస్ పట్టణం’ అని చెప్పుకుంటోంది.

2024 డిసెంబరులో మేము ఈ ఊరికి మూడుసార్లు వెళ్ళాము. విహారానికి కాదు, పాఠాలకు.

మా పిల్లలిద్దరూ బడికి వెళ్ళరు. ఇంటి దగ్గరే మేము చదువు చెప్పుకుంటాము. ఇక్కడ ఇది చట్టం ఒప్పుకున్న పద్ధతే. 1988లో ఈ రాష్ట్రం దీనికి ప్రత్యేకంగా చట్టం చేసింది. తల్లి గాని తండ్రి గాని హైస్కూలు చదువు పూర్తి చేసి ఉండాలి. ఏటా ఆగస్టు 1వ తేదీలోగా ప్రమాణపత్రం ఇవ్వాలి. జూలై నుండి జూన్ లోపల 180 రోజులు గాని, చిన్న తరగతులకు 900 గంటలు గాని చదువు జరగాలి. ఏ రోజు ఏమి చదివారో పుస్తకంలో వ్రాసి ఉంచాలి. 3, 5, 8 తరగతులలో పరీక్షలుంటాయి. సంవత్సరం చివర అర్హత గలవారొకరు పిల్లలతో మాట్లాడి, వారి పని చూసి, చదువు సరిగా సాగిందని వ్రాసి ఇవ్వాలి.

ఇలా చదువు చెప్పే కుటుంబాలన్నిటికీ డిసెంబరు ఒక పరీక్షే. కేరల్స్, కేకులు, చర్చిలో నాటకం రిహార్సళ్ళు, వచ్చే పోయే చుట్టాలు. కొందరు నవంబరు చివర పుస్తకాలు మూసి జనవరిలో తెరుస్తారు. కొందరు ఏమీ జరగనట్టే లెక్కలు చేయిస్తూ పోతారు. ఇక మూడోరకం వారు బజారులో దొరికే క్రిస్మస్ అభ్యాస పుస్తకాలు కొంటారు. కూడికల్లో మామిడిపండ్లకు బదులు క్రిస్మస్ చెట్లు ఉంటాయి, అంతే. అది మాకు పాఠమూ అనిపించదు, పండుగా అనిపించదు. మేము డిసెంబరు నెలకంతా ఒకే ఊరు పెట్టుకున్నాము. చరిత్ర, భూగోళం, లెక్కలు, పాట అన్నీ ఆ ఊరిలోనుండే.

ఈసారి పిల్లల నాయనమ్మ కూడా మాతో ఉన్నది. ఆమె పల్నాడులో ముప్పై ఏళ్ళు ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేసిన టీచరు. వచ్చిన రెండోరోజే, “బడి అంటే గంట కొట్టాలి, పేర్లు పిలవాలి. ఇదేం చదువురా?” అన్నది. పెద్దవాడికి పదేళ్ళు నిండాయి. వచ్చే ఏడు వాణ్ణి ఇక్కడి బడిలో చేర్చాలా, ఇంట్లోనే కొనసాగించాలా అని మేమే తర్జనభర్జన పడుతున్న సమయం. ఆమె మాట నేరుగా వచ్చి ఆ గాయం మీదే తగిలింది.

ఈ ఊరు కట్టినవారు మొరేవియన్ సహోదరులు. జాన్ హుస్ 1415లో సజీవ దహనమైన తరువాత, ఆయన బోధ వెంట నడిచినవారిలోనుండి 1457లో బొహీమియాలో పుట్టిన సంఘము వారిది. తరతరాల హింస తరువాత, మిగిలినవారిలో కొందరు 1722లో జర్మనీలోని సాక్సనీకి పారిపోయి వచ్చారు. అక్కడ జిన్జెండార్ఫ్ అనే ప్రభువు తన భూమిలో చోటిచ్చాడు. వారు కట్టుకున్న గ్రామమే హెర్న్‌హట్. అక్కడినుండి మిషనరీలు లోకమంతా వెళ్ళారు. 1741లో కొందరు ఈ లీహై ఒడ్డున అడవి నరికి, దుంగలతో ఒక చిన్న ఇల్లు వేసుకున్నారు. ఒక పక్క మనుషులు, మరో పక్క పశువులు. ఆ ఏడు క్రిస్మస్ ముందురాత్రి జిన్జెండార్ఫ్ అతిథిగా వచ్చి వారితో ఉన్నాడు. పాటలు పాడుతూ పాడుతూ పశువులున్న వైపుకు నడిచారట. వారు పాడిన కీర్తనలో బేత్లెహేము పేరు ఉంది. ఊరికి ఆ పేరే నిలిచింది. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. 1922లో కట్టిన హోటలు ఆ స్థలంలో ఉంది.

మిగిలిన పాత కట్టడాలు మాత్రం చాలా ఉన్నాయి. 1741లో మొదలుపెట్టిన గెమైన్‌హౌస్ అయిదంతస్తుల దుంగల భవనం. దుంగలు పైకి కనబడవు, పలకలు కప్పేశారు. నివాసము, ఆరాధన, బడి, వైద్యము అన్నీ అందులోనే జరిగిన రోజులున్నాయి. 2024 జూలైలో యునెస్కో ఈ ఊరిని హెర్న్‌హట్‌తో, ఉత్తర ఐర్లాండులోని గ్రేస్‌హిల్‌తో పాటు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. డెన్మార్కులోని క్రిస్టియన్స్‌ఫెల్డ్ అంతకుముందే ఉంది. మా పెద్దవాడు భూగోళం పాఠంగా ఈ నాలుగు ఊళ్ళను పటంలో గుర్తించాడు.

చదువు విషయంలో ఈ సంఘము వారు మాకు గురువుల్లాంటివారు. పాత సంఘపు బిషప్పు కొమీనియస్ (1592–1670) మొదటి ఆరేళ్ళ చదువు తల్లి ఒడిలో ఎలా జరగాలో ఒక పుస్తకమే వ్రాశాడు. 1658లో పిల్లల కోసం బొమ్మల పాఠ్యపుస్తకం వేసినదీ ఆయనే. 1742లో జిన్జెండార్ఫ్ కుమార్తె బెనిగ్నా, పదహారేళ్ళ పిల్ల, ఆడపిల్లలకు బడి పెట్టింది. ఆడపిల్ల చదువు అనవసరమని అందరూ అనుకునే కాలమది. ఆ బడే పెరిగి పెరిగి ఈనాటి మొరేవియన్ విశ్వవిద్యాలయమైనది.

ఇంతవరకు మేము ఇంట్లో చెప్పుకున్న పాఠమే. రెండోసారి వెళ్ళినప్పుడు గైడు చెప్పిన మరో సంగతి దగ్గర పిల్లలు ఆగిపోయారు. 1762 వరకు ఈ ఊళ్ళో అందరిదీ ఉమ్మడి బ్రతుకు. ఎవరికీ జీతం లేదు. పని అందరిదీ, కూడు అందరిదీ. అవివాహిత పురుషులు ఒక ఇంట, అవివాహిత స్త్రీలు వేరొక ఇంట. పాలు మాన్పించిన బిడ్డలు కూడా తల్లిదండ్రుల దగ్గర ఉండరు. శిశువుల గృహంలో పెరుగుతారు. తల్లులు సువార్త పనికి, సంఘపు పనికి వెళ్ళాలి గనుక.

తల్లి ఒడి బడి గురించి వ్రాసిన బిషప్పు వారసులే ఇలా చేశారు!

మా పాపకు ఏడేళ్ళు. బయటికి వచ్చాక బల్లమీద కూర్చుని, “ఆ అమ్మలు ఏడవలేదా?” అని అడిగింది. మేము జవాబు వెతుక్కునేలోగా నాయనమ్మ అందుకున్నది.

“ఎందుకు ఏడవరు తల్లీ? హన్నా సమూయేలును పాలు మాన్పించి మందిరంలో వదిలి రాలేదూ? ఏటా చిన్న అంగీ కుట్టుకుని వెళ్ళేది. ఆ అంగీ కుట్టేటప్పుడు ఏడ్చే ఉంటుంది.” కొంచెం ఆగి, “నేనూ మీ నాన్నను హాస్టల్లో వదిలాను. మా బడి అయిదో తరగతితో సరి. అప్పటికి వాడిది మీ అన్న వయస్సే. ప్రతి నెలా మొదటి శనివారం సున్నుండలు, కందిపొడి పట్టుకుని బస్సెక్కేదాన్ని. వాడు ఏడ్చేవాడు కాదు. గేటు దాకా వచ్చి నిలబడేవాడు. బస్సులో నేనే ఏడ్చేదాన్ని,” అన్నది.

మా పెద్దవాడు తండ్రి ముఖంలోకి చూశాడు. “నాకెప్పుడూ చెప్పలేదేం నాన్నా?” మా ఇద్దరిలో ఒకరి దగ్గర దానికి జవాబు లేదు.

ఆ హాస్టలు లేకపోతే మేము ఈరోజు ఇక్కడ ఉండేవాళ్ళం కాము. మన తెలుగు సంఘాల్లో ఎన్ని కుటుంబాలను మిషను హాస్టళ్ళు నిలబెట్టాయో మన పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. అందుకే ఇంటి చదువే దేవుని చిత్తమని, బడికి పంపడం అవిశ్వాసమని మాట్లాడే పుస్తకాలు మా అలమరలో నిలవవు. బేత్లెహేము తల్లులది అవిశ్వాసమా? కాని ఆ పాప అడిగిన ప్రశ్న కూడా నిజమైనదే. బేత్లెహేము వారు కూడా 1762 తరువాత ఆ పద్ధతి మాని, కుటుంబాలుగా ఇళ్ళు కట్టుకున్నారు.

ఆ వారం లెక్కల పాఠం నక్షత్రం. మొరేవియన్ నక్షత్రం పుట్టింది బడిలోనే. పందొమ్మిదవ శతాబ్దపు తొలి భాగంలో, జర్మనీలోని నీస్కీలో ఈ సంఘము వారి మగపిల్లల హాస్టలు బడి ఉండేది. అక్కడ రేఖాగణితం పాఠంగా దీన్ని కాగితంతో చేయించారు. దూరదేశాల్లో ఉన్న మిషనరీల పిల్లలు ఆ బడిలో ఉండేవారు. ఆగమన దినాల మొదటి ఆదివారం నక్షత్రాలు చేసుకోవడం అక్కడ ఆనవాయితీ అయింది. దాని లోపలి ఆకారానికి 26 ముఖాలు: 18 చదరాలు, 8 త్రిభుజాలు. పై చదరం వ్రేలాడదీయడానికి వదిలి, మిగతా వాటిపై ఒక్కొక్క కొమ్ము నిలపాలి. అంటే 25 కొమ్ములు. మన గుంటూరు, బందరు వీధుల్లో డిసెంబరులో వ్రేలాడే అయిదు కొమ్ముల కాగితపు నక్షత్రం చేసినవారికి ఇది అయిదింతల పని. మాకు నాలుగు సాయంత్రాలు పట్టింది.

అందులో అసలు టీచరు నాయనమ్మే. ఒక గదిలో అయిదు తరగతులకు ఒకేసారి చెప్పిన మనిషి. పెద్దవాడికి కొలతలు, పాపకు మడతలు, మాకు జిగురు పని అప్పగించి మధ్యలో కూర్చున్నది. “మా బడీ ఇట్లాగే ఉండేది,” అన్నది ఒకసారి, మాతో కాదు, తనలో తానే. గంట సంగతి మళ్ళీ ఎత్తలేదు.

మూడోసారి వెళ్ళింది 24వ తేదీ సాయంత్రం. 1806లో కట్టిన సెంట్రల్ మొరేవియన్ చర్చిలో ఆరాధన. చిన్నపిల్ల ఒకతె ఉదయ నక్షత్రాన్ని గురించిన కీర్తన ఒంటరిగా పాడగా సంఘమంతా తిరిగి పలికింది. తరువాత తేనెమైనపు కొవ్వొత్తులు పంచారు. అడుగున ఎర్ర కాగితం కుచ్చు ఉంటుంది. 1747లో జర్మనీలోని మారియన్‌బోర్న్‌లో ఒక బోధకుడు పిల్లలకు వాటిని ఇచ్చినప్పటినుండి ఈ ఆచారం ఉంది. నాయనమ్మ తన కొవ్వొత్తిని రెండు చేతులతో పట్టుకుని, మైనం కారుతున్నా చివరిదాకా ఆర్పలేదు.

పుస్తకంలో ఆ దినం కింద సంగీతం, చరిత్ర అని వ్రాసుకున్నాము. పెద్దవాడి బడి విషయం ఇంకా ప్రార్థనలోనే ఉంచాము. వాడినీ అడిగాము. ఇల్లు బాగుందని, ఒకసారి ఆ బడి చూసి వస్తానని అన్నాడు. ఆగస్టు దాకా వ్యవధి ఉంది.

జనవరిలో నాయనమ్మ తిరుగు ప్రయాణానికి పెట్టె సర్దుకున్నది. తన చర్చి సండేస్కూలు పిల్లల కోసం పదిహేడు చదరపు కొమ్ములకు, ఎనిమిది ముక్కోణపు కొమ్ములకు కత్తిరించిన కాగితాలను విడివిడిగా దారంతో కట్టి, చీరల మధ్య నలగకుండా పెట్టుకున్నది.